తడి ఆపడం తెలిసిన చెయ్యి

మా పెరట్లో ఒకేసారి ఆరు బొప్పాయి చెట్లు చచ్చిపోయాయి. కాయలు పక్వానికొచ్చి పసుపు చార దిద్దుకుంటున్న వేళ. తెగులు లేదు, పురుగు లేదు. నాట్ల కాలం కదా, పిల్లకాలువ నిండుగా పారుతోంది. పొలానికి పెట్టగా మిగిలిన నీరు వృథా పోవడమెందుకని నాన్న ఇంటి వెనక గట్టు తెంచి పెరట్లోకి వదిలారు. రాత్రంతా పారింది. తెల్లారేసరికి పెరడు వరిమడిలా నిండి మెరుస్తుంటే చూసి మేమంతా సంతోషించాం. రెండో రోజు మధ్యాహ్నానికి బొప్పాయి ఆకులు మూసిన గొడుగుల్లా వేలాడిపోయాయి. ఎండకు వాడాయనుకుని నాన్న మళ్ళీ నీళ్ళు వదిలారు.

పక్కింటి కన్నడం అక్క గోడమీంచి చూసి అంది: "నీర్ జాస్తి ఆయ్తు నోడ్రీ. బేరు ఉసిరాడంగిల్ల." నీళ్ళు ఎక్కువయ్యాయి, వేరుకు ఊపిరాడదు అని. మాకు ఆ మాట ఎక్కలేదు. చెట్టుకు నీళ్ళు ఎక్కువవడమేంటి? గోదావరి డెల్టా నుంచి వచ్చిన ఇంట్లో ఆ ప్రశ్నే ఎవరికీ తోచదు. వారం తిరక్కుండా ఆరు చెట్లనూ పీకి పారేశాం. వేళ్ళు నల్లబడి, మెత్తబడి, చేత్తో లాగితే తోలు ఊడి వచ్చాయి.

పెరటి తోట గురించి చెప్పేవాళ్ళు మామూలుగా విత్తనం దగ్గరో ఎరువు దగ్గరో మొదలుపెడతారు. రాయచూరు జిల్లా సింధనూరు, మాన్వి, మస్కి, సిరవార చుట్టూ తెలుగు క్యాంపుల్లో ఉండే మనం మొదలుపెట్టాల్సింది మన చేతి అలవాటు దగ్గర. మనది వరి చెయ్యి. నీళ్ళు పెట్టడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆపడం నేర్చుకోవాలి. ఈ అధ్యాయంలో నేను చెప్పదలుచుకున్నది ఆ ఒక్కటే. మడులు, మొక్కలు, కాలాలు, పురుగులు అన్నీ దాని వెంటే వస్తాయి.

ఈ అలవాటు ఎక్కడిదో తెలిస్తే మార్చుకోవడం తేలిక. హోస్పేట దగ్గర తుంగభద్ర ఆనకట్టకు 1945లో శంకుస్థాపన జరిగింది, 1953కి పూర్తయింది. ఎడమ కాలువ కొప్పళ, రాయచూరు నేలల మీదుగా 220 కిలోమీటర్లకు పైగా సాగింది. అప్పటికి రాయచూరు హైదరాబాదు రాష్ట్రంలోనే ఉంది. 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రంలో కలిసింది. కాలువ వస్తోందని విని గోదావరి, కృష్ణా, గుంటూరు, నెల్లూరు జిల్లాల నుంచి మన తాతలు బయల్దేరారు. అక్కడ ఉన్న కొద్దిపాటి పొలం అమ్మి ఇక్కడ దానికి ఎన్నో రెట్లు కొన్నారు. తుమ్మ కంపలు కొట్టి, నల్లరేగడిని చదును చేసి, మడులు కట్టి, వరి నాటారు. ఊరి పేరు పెట్టుకునే తీరిక లేక దిగిన చోటునే క్యాంపు అన్నారు. డెబ్బై ఏళ్ళయినా ఆ మాట పోలేదు.

అయితే ఈ కాలువను తలపెట్టినవాళ్ళ లెక్కలో ఇది వరి కాలువ కాదు. ఎక్కువ భూమికి కొద్ది కొద్దిగా నీరిచ్చి జొన్న, పత్తి, వేరుశనగ లాంటి ఆరుతడి పంటల్ని కరువు నుంచి కాయడం దాని ఉద్దేశం. వరికి కేటాయించింది కొద్ది భాగమే. మన చెయ్యి పడ్డాక కాలువ మొదట్లోని నేలంతా వరిమయమైంది. చివరి ఊళ్ళకు నీరు చాలక ఏటా ధర్నాలు, కాపలాలు. నీరు నిలిచి నిలిచి లోపలి ఉప్పు పైకి తేలి, పల్లపు నేలలు తెల్లగా చౌడు పట్టాయి. ఇక్కడివాళ్ళు దాన్ని సవళు అంటారు. మన పెద్దలు పడ్డ కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఆ వరే మనకు ఇల్లు కట్టింది, చదువు చెప్పించింది. కానీ పొలంలో ఎలా చేసినా, పెరట్లో మాత్రం ఈ నేలను ఆరుతడి నేలగానే చూడాలి. ఏడాదికి 600 మిల్లీమీటర్ల పైచిలుకు వాన కురిసే చోటు ఇది. దాని స్వభావం అది.

నీళ్ళ డబ్బా ముట్టుకునే ముందు మట్టి ముట్టుకోండి. మొక్క మొదట్లో పై మట్టిని పక్కకు తోసి, నాలుగంగుళాల లోతు నుంచి ఒక పిడికెడు తీసి నొక్కండి. ముద్ద అయితే దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దండి. జిగటగా సాగి మెరిసిందా, ఆ రోజు నీళ్ళు వద్దు. ముద్ద కట్టినా తట్టగానే చెదిరితే నేల పదును మీద ఉంది, రేపు మళ్ళీ చూడండి. ముద్దే కట్టక గట్టి బెడ్డలుగా విరిగితే అప్పుడు నీళ్ళు. ఇందులో మీరు నేర్చుకోవాల్సింది "పదును" అన్న మాట అసలు అర్థం. మన తాతలకు అది బాగా తెలుసు. దుక్కికి పదును చూసేవాళ్ళు, విత్తుకు పదును చూసేవాళ్ళు. నాట్లకు దమ్ము చేయడం మొదలయ్యాక ఆ చూపు అవసరం లేకుండా పోయింది. పది రోజులు ఈ పని చేసి, రోజూ ఏ మొక్కకు పోశారో, ఏ మొక్కకు మానుకున్నారో క్యాలెండరు మీద రాసి చూడండి. మానుకున్న రోజులే ఎక్కువని తేలుతుంది. నా సంగతి అదే అయింది.

రేగడి మనల్ని రెండు విధాలుగా మోసం చేస్తుంది. పైన సన్న నెర్రెలు కనిపిస్తాయి, అయ్యో ఎండిపోయిందే అనిపిస్తుంది. రెండంగుళాలు తవ్వితే కింద చల్లగా, జిగటగా ఉంటుంది. రెండో మోసం దీనికి ఎదురు. బాగా ఎండి, నెర్రెలు వేలు దూరేంత వెడల్పయ్యాక నీళ్ళు పోస్తే అవి నెర్రెల్లోంచి నేరుగా పాతాళానికి పోతాయి, వేళ్ళు తడవవు. డబ్బాలకు డబ్బాలు పోసినా మొక్క వాలే ఉంటుంది. అలాంటప్పుడు ముందు గొప్పుతో పైమట్టిని కదిపి నెర్రెలు పూడ్చాలి, కాసిని నీళ్ళు చల్లి మట్టి ఉబ్బనివ్వాలి, గంట ఆగి అసలు తడి ఇవ్వాలి. అసలు నెర్రె పడకుండా చూడటమే మంచిది. దానికి వరిగడ్డి ఉంది. కోతలయ్యాక మన పొలాల్లో తగలబెట్టే ఆ గడ్డినే నాలుగంగుళాల మందాన మడి మీద పరిచి ఉంచండి. ఎండ నేలను తాకదు, నెర్రె తీయదు, కలుపు రాదు. గడ్డిని పచ్చిగా మట్టిలో మాత్రం కలపకండి. అది కుళ్ళేటప్పుడు మొక్కకు అందాల్సిన నత్రజనిని తానే తినేస్తుంది, ఆకులు పాలిపోతాయి.

మొక్క చెప్పే మాటను కూడా సరిగ్గా వినాలి. ఎండాకాలం మధ్యాహ్నం రెండింటికి సొర, బీర, గుమ్మడి ఆకులన్నీ వాలతాయి. అది ఎండ నుంచి తమను తాము కాచుకోవడం. సాయంత్రానికి తేరుకుంటే నీళ్ళు పోయక్కర్లేదు. తెల్లవారుజామున కూడా వాలి ఉంటేనే ఆందోళన పడాలి. అప్పుడైనా కారణం రెండింట్లో ఒకటి: దాహం, లేదా వేరు కుళ్ళు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మట్టి ముడితే కానీ తేలదు. మా బొప్పాయిలకు నాన్న రెండోసారి నీళ్ళు వదిలింది ఈ తేడా తెలియకే.

ఇక మడి. తోటకు చోటు ఎంచుకోగానే అడుగు లోతు గొయ్యి తవ్వి నీళ్ళు నింపండి. అవి ఇంకాక మళ్ళీ నింపండి. రెండోసారి పోసిన నీరు మర్నాటి పొద్దుటికీ ఉంటే ఆ చోట నేలమట్టంలో ఏమీ పెంచకూడదు. క్యాంపుల్లో చాలా పెరళ్ళు ఇలాంటివే, పొలానికి పొలానికి మధ్య కట్టిన ఇళ్ళు కదా. జూలై నుంచి కాలువ పారినన్నాళ్ళూ చుట్టూ వరి నీళ్ళు నిలిచి, మన పెరట్లో ఊట పైకి వస్తుంది. అందుకే ఎత్తు మడులు కట్టాలి. అడుగు ఎత్తు చాలు. వెడల్పు మూడున్నర అడుగులు దాటకూడదు, రెండు పక్కల నుంచీ చెయ్యి మధ్యకు అందాలి, మడిలోకి కాలు పెట్టే పని ఉండకూడదు. రేగడిని తొక్కితే ఆ అడుగు కింద మట్టి బిగుసుకుని వేరు సరిగా సాగదు. అంచులకు పాత షాబాదు బండ ముక్కలు నిలబెడితే ఏళ్ళ తరబడి ఉంటాయి. మడుల మధ్య దారులు పల్లంగా, ఒక వైపుకు వాలుగా ఉంటే వాన నీరు దానంతటదే బయటికి పోతుంది.

మడిలోకి ఏం వేయాలి? రేగడికి కాస్త ఇసుక కలిపితే గుల్లబారుతుందనుకుంటారు. గంపెడు ఇసుకతో గుల్లబారదు సరికదా, ఇంకా గట్టిపడుతుంది. దొరికితే ఎర్రమట్టి ఒక వంతు తెప్పించుకోండి. లింగసుగూరు వైపు మసారి అనే ఎర్రనేలలున్నాయి. దానికి రేగడి ఒక వంతు, బాగా మగ్గిన పశువుల ఎరువో కంపోస్టో ఒక వంతు. మర ఊక పాత కుప్ప నుంచి, మగ్గి నల్లబడింది దొరికితే అది కూడా కలపొచ్చు. పొయ్యి బూడిద విషయంలో మాత్రం మా మామ్మ అలవాటును నేను మానుకున్నాను. గోదావరి ఒడ్డున బూడిద మేలు చేసిందేమో, ఇక్కడి రేగడికి అప్పటికే క్షార గుణం ఉంది, సున్నపు గవ్వలు చేతికి తగులుతాయి. దాని మీద బూడిద వేస్తే ఇనుము మొక్కకు అందదు. నిమ్మ, గులాబీ లేతాకులు పసుపుగా మారి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయంటే కారణం అదే. మడి అంచున తెల్లగా పేరుకుంటుంటే జిప్సం వేయమని ఎవరో ఒకరు చెబుతారు. తొందరపడకండి. ఉప్పు చౌడు వేరు, క్షార చౌడు వేరు. మొదటిదానికి మంచి నీటితో కడిగి బయటికి పంపే దారి కావాలి, రెండోదానికే జిప్సం. ఏదో తెలియాలంటే మట్టి పరీక్ష చేయించాలి. రాయచూరులో 2009 నుంచి వ్యవసాయ విశ్వవిద్యాలయమే ఉంది, కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. ఊరికి వెళ్ళినప్పుడు మట్టి పొట్లం ఒకటి సంచిలో వేసుకెళ్ళండి.

నీళ్ళు ఆపడం అంటే అన్నింటికీ ఒకేలా ఆపడం కాదు. ఇంటిని ఒకసారి నీటి కళ్ళతో చూడండి. స్నానాల గది నీరు ఎటు పోతుంది? అక్కడ అరటి పెట్టండి, దాని పక్కన చేమ, గట్టు మీద పుదీనా. వీటికి తడి ఇష్టం. వంటింటి తూము దగ్గర బచ్చలి పందిరి. బియ్యం, పప్పు, కూరలు కడిగిన నీళ్ళు ఒక బకెట్లో పట్టి ఆకుకూర మడులకు పోయండి, రోజుకు రెండు బకెట్లు తేలిగ్గా వస్తాయి. బట్టల సోడా, సబ్బు పొడి నీళ్ళు మాత్రం తోటలోకి రానివ్వకండి. వాటిలోని సోడియం రేగడిని ఇంకా బిగదీస్తుంది, నీరు ఇంకకుండా చేస్తుంది. ఈ తడి మూల నుంచి దూరంగా, ఎత్తుగా ఉన్న చివరలో మునగ, కరివేపాకు, నిమ్మ, బొప్పాయి. మునగలో పెరియకుళం వారి పీకేఎం-1 మన ఇళ్ళల్లో తెలిసిందే. కర్ణాటకలో అరభావి నుంచి వచ్చిన భాగ్య రకం కూడా దొరుకుతుంది. కరివేపాకులో ధార్వాడ వారి సువాసిని మంచి వాసన గలది. నాటేటప్పుడు గుంత కాదు, దిబ్బ చేయండి. బొప్పాయికి అడుగున్నర ఎత్తు దిబ్బ పోసి దాని నెత్తిన నాటండి, నీళ్ళు కాండానికి తగలకుండా రెండడుగుల దూరంలో గుండ్రంగా చాలు తీసి అందులో పోయండి. బొప్పాయి వేరు రెండు రోజులు నిలవ నీటిలో ఉంటే బతకదు.

కాలం విషయంలో మనకు రెండు క్యాలెండర్లున్నాయి. ఒకటి కార్తెలది, రెండోది కాలువది. మే చివర రోహిణి కార్తె నిప్పులు చెరుగుతుంది. రాయచూరులో 43, 44 డిగ్రీలు మామూలే. జూన్ మొదటి వారం చివర మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడగానే తీగలకు పాదులు చేయాలి: బీర, సొర, కాకర, దోస. గోరుచిక్కుడు, బెండ, గోంగూర కూడా అప్పుడే. బెండలో బెంగళూరు హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క అనామికను పల్లాకు తెగులును తట్టుకునేలా రూపొందించారు. తెల్లదోమ తెచ్చే ఆ తెగులుకు మందు లేదు, తట్టుకునే విత్తనం ఎంచుకోవడమే దారి. నలభై అయిదు, యాభై రోజులకు మొదటి బెండకాయ కోస్తారు.

టమాటాను అందరూ తొలకరిలో వేసి నష్టపోతారు. పగలు 35 డిగ్రీలు దాటితే పూత నిలవదు. మొక్క ఏపుగా పెరుగుతుంది, పూస్తుంది, రాలుస్తుంది, మనం ఎరువు మీద ఎరువు వేస్తాం. ఆగస్టు చివర నారు పోసి, నెలకు నాటి, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా కోసుకోవాలి. అర్క రక్షక్ రకం మూడు రకాల తెగుళ్ళను తట్టుకుంటుంది. వంగ కూడా అదే వరసలో. వంగ కొమ్మ చివర వాడిపోయి తల వాల్చిందంటే లోపల కాయతొలుచు పురుగు ఉంది. ఆ కొసను రెండంగుళాలు కిందికి తుంచి కాల్చేయండి. వారానికి రెండుసార్లు ఈ ఒక్క పని చేస్తే పది మొక్కల తోటకు మందు అక్కర్లేదు.

అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు మన పెరటికి పండుగే. మెంతికూర, కొత్తిమీర, పాలకూర, చుక్కకూర, ముల్లంగి. ధనియాలను చెప్పు కింద వేసి రెండు బద్దలయ్యేలా నలిపి, రాత్రి నానబెట్టి చల్లాలి. మొలవడానికి పది రోజులు పట్టొచ్చు, ఆ పది రోజులూ రోజూ నీళ్ళు గుమ్మరిస్తే గింజ కుళ్ళిపోతుంది. మొలకెత్తలేదని విత్తనాన్ని తిట్టేవాళ్ళలో ఎక్కువమంది నీటితో చంపుకున్నవాళ్ళే. మెంతికూర ఇరవై అయిదు రోజులకు పీకేయొచ్చు. మడినంతా ఒకేరోజు చల్లకుండా మూడు భాగాలు చేసి, పది రోజులకొకటి చల్లితే చలికాలమంతా ఇంట్లో ఆకుకూర ఉంటుంది.

ఇక్కడే మన కన్నడం పొరుగువాళ్ళ నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. మనం ఆకుకూర అంటే పప్పులో వేయాలి, పులుసు పెట్టాలి, కనీసం వేపుడు చేయాలి. వాళ్ళు జొన్నరొట్టె పక్కన లేత మెంతికూర, ఉల్లికాడలు, ముల్లంగి, దోసకాయ పచ్చివే పెట్టుకుని నములుతారు. పొద్దున కోసి కడిగి పళ్ళెంలో వేసుకున్న మెంతికి ఉండే చిరుచేదు, వేరుశనగ పొడితో కలిసినప్పుడు, నాకు ఇప్పుడు పప్పులో కంటే ఎక్కువ ఇష్టం. అలా తినాలంటే ఆకు మీద ఏ మందూ పడి ఉండకూడదు. పెరడు ఎందుకో నాకు పూర్తిగా అర్థమైంది ఆ పళ్ళెం ముందే. వాళ్ళ పుండిపల్లె మన గోంగూరే, చవళికాయి మన గోరుచిక్కుడే, హీరేకాయి మన బీరే. పేర్లు మారాయి, విత్తనం ఒకటే. సంతలో పొట్లం కొనే ముందు పక్కింట్లో అడగండి. ఈ నేలలో తరాలుగా మొలిచి, ఇక్కడి ఎండకూ ఉప్పుకూ అలవాటుపడ్డ గింజ వాళ్ళ అటక మీద ఉంటుంది.

పక్కనే పొలాలున్న ఇళ్ళకు మందు గాలి పెద్ద సమస్య. వరికి, పత్తికి పిచికారీ చేసే రోజున గాలి మన వైపు ఉంటే మెంతి మడి మీద అది పడుతుంది. పొలం వైపు అంచున మునగ, అవిసె దట్టంగా పెంచితే కొంత ఆపుతాయి. పడిందని తెలిస్తే ఆ ఆకును కోసి పారేయండి, కడిగి తిందామనుకోకండి. మందు డబ్బాలను నీళ్ళు పోయడానికి వాడే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఎంత కడిగినా ఆ డబ్బా పనికిరాదు. పెరట్లో పేనుబంక, తెల్లదోమ కనిపిస్తే వేపగింజల పప్పు లీటరుకు 50 గ్రాములు దంచి, గుడ్డలో కట్టి రాత్రంతా నానబెట్టి, పిండి, చిటికెడు సబ్బు కలిపి సాయంత్రం చల్లండి. వేప మనకు కొదవ లేదు. జూన్, జూలైల్లో రాలిన గింజల్ని ఏరి నీడన ఆరబెట్టుకుంటే ఏడాదికి సరిపోతాయి.

ఎండాకాలానికి వద్దాం. ఏప్రిల్ నుంచి జూలై దాకా సాధారణంగా కాలువ కట్టేసి ఉంటుంది. మిగిలేది బోరు. చాలా క్యాంపుల్లో బోరు నీరు ఉప్పన. ఆ నీటిని రోజూ కొంచెం కొంచెం చల్లితే నీరు ఆవిరై ఉప్పు వేరు దగ్గరే మిగులుతుంది. నాలుగైదు రోజులకోసారి, కానీ లోతుగా తడిసేలా, సాయంత్రం పూట ఇవ్వండి. ఉప్పు వేరు కిందికి దిగుతుంది. వాన నీటిని ఒక్క తొట్టెలోనైనా పట్టుకోగలిగితే నారుకు ఆ నీరే వాడండి. ఇంకో మంచి పద్ధతి కుండ. కుమ్మరి దగ్గర రంగు వేయని మట్టికుండ తెచ్చి, మెడ పైకి ఉండేలా మడిలో పాతి, నీళ్ళు నింపి మూత పెట్టండి. చుట్టూ నాలుగు దోస గింజలు. కుండ చెమర్చినంతే వేరుకు అందుతుంది, నేల పదునుగానే ఉంటే కుండ నీరు దిగదు. క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దంలో చైనాలో ఫాన్ షెంగ్ జి రాసిన వ్యవసాయ గ్రంథంలోనే ఈ కుండ సాగు ఉంది, అదీ పుచ్చ, దోస జాతి తీగల కోసమే. మన చెయ్యి ఆపలేని చోట కుండ తానే ఆపుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు నేను మొదట ఇదే చెబుతాను.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఆ వారమంతా క్యాంపుల్లో ఎవరికీ నిద్ర లేదు. టీవీల ముందు కూర్చుని, ఆనకట్ట నుంచి నీళ్ళు నదిలోకి పోవడం చూస్తూ ఎకరాల లెక్కలు వేసుకున్నాం. గేట్ల నిపుణులు కన్నయ్య నాయుడు గారి ఆధ్వర్యంలో స్టాప్‌లాగ్‌లు దించి నీటిని ఆపేదాకా నాట్లు వేసినవాళ్ళ గుండెలు గుప్పిట్లోనే ఉన్నాయి. ఆ రోజుల్లోనే నేను ఒకటి గమనించాను. పొలం గురించి నాకు ఎంత భయమున్నా పెరటి గురించి లేదు. బియ్యం కడిగిన నీళ్ళు, స్నానాల నీళ్ళు, రెండు కుండలు. నా కాయగూరలకు కాలువతో పనిలేదు.

తీగలకు ఈ ప్రాంతంలో వచ్చే ఇంకో ఇబ్బంది చెప్పి ముగిస్తాను. తీగ విరగబూస్తుంది, పిందె నిలవదు, పసుపుబారి రాలిపోతుంది. నీళ్ళు చాలలేదని అక్కడా పోసేస్తాం. చుట్టూ మందు కొట్టే పొలాలు కాబట్టి పుప్పొడి మోసే పురుగులు తక్కువ, అందుకే పుప్పొడి అందదు. మనమే అందించాలి. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుతుంది. బీర, సొర సాయంత్రం చీకటి పడే వేళకు విచ్చుతాయి. కింద చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు, సన్నని కాడ ఉన్నది మగపువ్వు. మగపువ్వు తెంచి, రేకులు విప్పి, పుప్పొడిని ఆడపువ్వు మధ్యన మెల్లగా అద్దండి. ఒక్క మగపువ్వు మూడింటికి సరిపోతుంది. గుర్తుకు ఆ పిందె కాడకు దారం కట్టండి, నాలుగు రోజుల్లో తేడా తెలుస్తుంది.

నిన్న సాయంత్రం ఆరున్నరకు నేను ఆ పని మీదే పందిరి కింద ఉన్నాను. గోడ అవతల పక్కింటి అక్క కూడా వాళ్ళ బీరపువ్వుల దగ్గరే ఉంది. "నీర్ హాకిదేనమ్మా?" అని అడిగింది, నీళ్ళు పోశావా అని. "ఇల్ల అక్కా, మణ్ణు ఇన్నూ హసి ఐతి" అన్నాను. మట్టి ఇంకా తడిగానే ఉంది. దిబ్బ మీది బొప్పాయి కాయల్లో రెండు పసుపు చార తిరిగాయి, ఒకటి కోసి గోడ మీంచి అందించాను.